వార్డర్‌ని జైలర్ అని పెండ్లిపత్రికలో వేయొచ్చా?

ప్రశ్న: మా చెల్లెలి కొడుకు కడప సెంట్రల్ జైల్లో వార్డర్. వచ్చే నెల పెండ్లి. చూపులకు పోయినప్పుడు అమ్మాయి వాళ్ల పెదనాయన "ఏ హాస్టల్లో నాయనా?" అని అడిగినాడు, పిల్లోడు మొహం మాడ్చుకున్నాడు. ఇప్పుడు మా బావ పత్రికలో "జైలర్" అని వేద్దాం, ఎవరికి తెలుస్తుందిలే అంటున్నాడు. వేయొచ్చా? అసలు వార్డర్ అంటే ఏమి?
– ఒక మేనమామ, ప్రొద్దుటూరు

జవాబు: వేయొద్దు. ఎవరికి తెలుస్తుందిలే అంటే ఎట్లా, పెండ్లికి వచ్చేవాళ్లలో మీ అల్లుడితో డ్యూటీ చేసేవాళ్లు ఉంటారు, పిలిస్తే అసలు జైలర్ కూడా వస్తాడు, ఆయన అక్షింతలు వేసేటప్పుడు పీటల మీద కూర్చున్న పిల్లోడి టెన్షన్ ఎట్లుంటుందో మీ బావనే ఊహించుకోమనండి.

వార్డర్ అంటే కాపలా కాసేవాడు, అంతే. ఇంగ్లీషులోకి ఫ్రెంచి వైపు నుంచి వచ్చిన మాట. ఒకే మాట ఉత్తర ఫ్రాన్స్ యాసలో "వ"తో, మిగతాచోట్ల "గ"తో పలికేవాళ్లు, ఇంగ్లీషువాళ్లు రెండూ పట్టుకొచ్చుకున్నారు. అందుకే వార్డు, గార్డు అన్నదమ్ములు, వార్డెన్, గార్డియన్ కూడా అంతే. ఆసుపత్రి వార్డు, మున్సిపాలిటీ వార్డు అన్నీ ఆ కాపలాలో నుంచి పుట్టినవే. కాబట్టి వార్డర్‌ని వార్డెన్ అనుకున్న పెదనాయన మరీ తప్పేమీ అడగలేదు, రెండు మాటలకూ వేరు ఒకటే. కాకపోతే హాస్టల్లో వార్డెన్ అంటే పెద్ద (సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో కాగితం మీద ఆయన హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్, పిల్లలకు మాత్రం ఎప్పటికీ వార్డెన్ సారే), జైల్లో వార్డర్ అంటే మొదటి మెట్టు. అమెరికాలో ఇంకో తిరకాసు, అక్కడ వార్డెన్ అంటే జైలు మొత్తానికి అధిపతి. డబ్బింగు సినిమాలు చూసి మనవాళ్లు కలగాపులగం చేసేది ఇక్కడే.

మన దగ్గర వరస ఇట్లా పోతుంది. వార్డర్, ఆ పైన హెడ్ వార్డర్, చీఫ్ హెడ్ వార్డర్. ఆ తర్వాత డిప్యూటీ జైలర్, జైలర్, డిప్యూటీ సూపరింటెండెంట్. సెంట్రల్ జైలుకు పెద్ద సూపరింటెండెంట్, జైలర్ కాదు. సినిమాల్లో జైలరే సర్వాధికారి కదా అంటారేమో, సినిమాల్లో జడ్జి బల్ల మీద సుత్తి కూడా కొడతాడు, మన కోర్టుల్లో ఎక్కడన్నా చూసినారా?

జైలర్ అనే మాటకు బరువు లేదని కాదు. 1894 నాటి ప్రిజన్స్ యాక్టులో ఆ పదవి పేరు పెట్టి రాసి ఉంది, సూపరింటెండెంట్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప జైలర్ జైల్లోనే కాపురం ఉండాలని, అనుమతి లేకుండా ఒక్క రాత్రి కూడా బయట ఉండకూడదని. ఈ సంగతి తెలిస్తే మీ బావ ఆ పేరు కోసం అంత ఉబలాటపడడేమో! తెలుగు బైబిల్లో ఈ ఉద్యోగానికి "చెరసాల నాయకుడు" అన్నారు, వినడానికి ఎంత బాగుందో, ఎవరూ వాడరు గానీ.

ఇంకోటి, వార్డర్ పోలీసు కాదు. ఖాకీ చూసి అందరూ "జైలు పోలీసు" అంటారు, 2018లో మన రాష్ట్రంలో కానిస్టేబుళ్లతో పాటు వార్డర్లకూ పోలీసు నియామక మండలే నోటిఫికేషన్ ఇచ్చింది కూడా. కానీ శాఖ వేరు, జైళ్ల శాఖ. ఖైదీని కోర్టుకు తీసుకుపోయేది మామూలుగా ఆర్మ్‌డ్ రిజర్వు పోలీసులు. గేటు లోపల లెక్క వార్డర్‌ది, గేటు దాటినాక వాళ్లది.

పత్రికలో "వార్డర్, కేంద్ర కారాగారం, కడప" అని వేయండి. తెలుగులోనే కావాలని "కారాగార రక్షకభటుడు" లాంటివి మాత్రం పెట్టొద్దు, హరికథలో పాత్ర అనుకుంటారు.

ప్రశ్న: మా ఊరాయన ఒకాయన కేసులో శిక్షపడి పోయి వచ్చినాడు. లోపల నేను వార్డర్‌గా చేసినా అంటాడు. ఖైదీ వార్డర్ ఎట్లవుతాడు, కోతలు కాకపోతే?
– ధర్మవరం, అనంతపురం వైపు

జవాబు: కోతలు కాకపోవచ్చు. నడవడిక బాగున్న శిక్ష ఖైదీలకు లోపల పనులు అప్పగించే పద్ధతి బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. రాత్రి కాపలా చూసేవాళ్లు, పనులు చేయించే ఓవర్సీర్లు, ఆపైన కన్విక్ట్ వార్డర్లు. అట్లా నియమించినవాళ్లను పబ్లిక్ సర్వెంట్లుగా లెక్కించాలని అదే 1894 చట్టంలో ఉంది. అంటే శిక్షా అనుభవిస్తున్నాడు, చట్టం దృష్టిలో కొలువులోనూ ఉన్నాడు. కాకపోతే ఆ హోదా గేటు లోపలే. బయటికొచ్చి రచ్చబండ మీద కూర్చొని "మాజీ వార్డర్ని" అంటే మీరు నవ్వుకోవచ్చు, తప్పులేదు.

ప్రశ్న: తలారి మా ఇంటిపేరు. కాలేజీలో ఫ్రెండ్స్ ఉరి తీసేవాళ్లా మీరు అని ఆటపట్టిస్తున్నారు. జైలు ఉద్యోగమేనా అది?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: కాదమ్మా. మన సీమలో తలారి అంటే ఊరి కావలి. చేలు, రచ్చ, ఊరి పొలిమేర చూసుకునేవాడు, సర్కారు మనిషి ఊర్లోకి వస్తే వెంట తిరిగేవాడు. ఉరి తీసేవాడనే అర్థం కూడా నిఘంటువుల్లో ఉంది, సినిమాలూ నవలలూ దాన్నే పట్టుకున్నాయి. మీ ఇంటిపేరు ఊరి కావలి నుంచి వచ్చిందే. ఆటపట్టించేవాళ్లలో కరణం, రెడ్డి ఇంటిపేర్లవాళ్లు ఉంటే చెప్పు, ఒకప్పుడు వాళ్ల తాతలు రాత్రిళ్లు నిశ్చింతగా పడుకున్నది మీ తాతల కాపలాలోనే.