బావగారిని ఇంటికి తీసుకెళ్ళే ముందు

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు బాగా టెన్షన్‌లో ఉన్నావు, మధ్యలో నర్సు పిలిచిందని పెట్టేశావు. అందుకే చెప్పాల్సింది రాసి పంపుతున్నాను, తీరిగ్గా చదువు, అక్కకి కూడా చదివి వినిపించు.

పక్షవాతం వచ్చిన బావగారికి ప్రాణాపాయం తప్పింది, సోమవారం డిశ్చార్జ్ అంటున్నారు, గాజువాక ఇంట్లో హాల్లో మంచం వేయించి రోజూ ఒక ఫిజియోని రప్పిద్దామని మీరిద్దరూ అనుకున్నారు. నా మాట వింటే అలా చేయకండి. అక్కణ్ణుంచి తిన్నగా ఒక మంచి రిహాబిలిటేషన్ హాస్పిటల్‌కి, అంటే పోయిన నడక, చేతిపని, మాట మళ్ళీ నేర్పించే పునరావాస ఆసుపత్రికి తీసుకెళ్ళి, కొన్ని వారాలైనా అక్కడ ఉంచండి. న్యూరో వార్డులో నర్సుగా చేసి రిటైరైన దాన్ని, ఇంటికి వెళ్ళి మంచానికే పరిమితమైపోయినవాళ్ళనీ చూశాను, నడుచుకుంటూ చెకప్‌కి వచ్చినవాళ్ళనీ చూశాను.

పక్షవాతంలో మెదడులో చచ్చిపోయిన భాగం తిరిగి రాదు. దాని చుట్టూ బతికి ఉన్న భాగాలు మాత్రం ఆ పనిని కొంత నేర్చుకుంటాయి. ఈ నేర్చుకోవడం మొదటి మూడు నెలల్లో జోరుగా ఉంటుంది, ఆరు నెలల దాకా బాగానే సాగుతుంది, తర్వాత ఆగిపోదు గానీ నెమ్మదిస్తుంది. అదీ పడుకుంటే వచ్చేది కాదు, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ, విసుగొచ్చేదాకా చేయిస్తే వస్తుంది. ఇంటికొచ్చే ఫిజియో ఎంత మంచివాడైనా అరగంటో ముప్పావుగంటో ఉండి వెళ్తాడు, మిగతా రోజంతా బావగారు సీలింగ్ ఫ్యాన్ చూస్తూ పడుకుంటారు. అమెరికాలో ఇలాంటి హాస్పిటల్‌లో చేరినవాళ్ళకి మామూలుగా రోజుకి 3 గంటలు, వారానికి 5 రోజులు థెరపీ ఇవ్వాలని లెక్క. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, అంత థెరపీ తట్టుకోగల పేషెంట్లని నర్సింగ్ హోమ్‌కి (అక్కడ అంటే నర్సుల సంరక్షణలో ఉంచే చోటు) కాకుండా రిహాబ్ హాస్పిటల్‌కే పంపమన్నారు.

'ఇక్కడే ఇంకో పది రోజులు ఉంచేస్తే పోదా' అని అక్క అడిగింది. అక్కడి డాక్టర్లు మంచివాళ్ళే, కానీ వాళ్ళ పని ప్రాణం నిలబెట్టడం, అది అయిపోయాక ఆ మంచం ఇంకొకరికి కావాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద స్ట్రోక్, అదే పక్షవాతం, వస్తే చాలామంది వార్డులోనే పోయేవారు. ఇప్పుడు నాలుగున్నర గంటల లోపు తీసుకొస్తే గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది, ఐసీయూలు ఉన్నాయి, మనుషులు బతికి బయటపడుతున్నారు, కానీ చెయ్యో కాలో మాటో పోగొట్టుకుని. వాళ్ళని మళ్ళీ మనుషుల్లో పడేసే చోటు కావాలి కదా. స్ట్రోకే కాదు, యాక్సిడెంట్లలో వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళు, తలకి గాయమైనవాళ్ళు, తుంటి విరిగిన ముసలివాళ్ళు, అందరికీ అదే అవసరం. ప్రపంచం మొత్తం మీద 240 కోట్ల మందికి ఏదో ఒక రకమైన పునరావాస చికిత్స అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మనవాళ్ళు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి అంటే పెద్ద ఆపరేషన్లకే అనుకుంటారు. అక్కడ డాక్టర్ మేరీ వర్గీస్ అని ఒకావిడ ఉండేవారు. 1954లో యాక్సిడెంట్‌లో నడుము కింద భాగం చచ్చుబడిపోతే, తను చక్రాల కుర్చీలో ఉండే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు, న్యూయార్క్ వెళ్ళి ఈ వైద్యమే నేర్చుకుని వచ్చి ఆ విభాగాన్ని నడిపారు, 1966లో అక్కడ పునరావాస కేంద్రం తెరిచారు. ఆవిడ సంగతి బావగారికి చెప్పు, వినాలి ఆయన.

ఇక చోటు ఎలా చూసుకోవాలంటే, ముందు సాయంత్రం విజిటింగ్ అవర్స్‌లో వెళ్ళకు. ఉదయం పదీ పదకొండు మధ్య వెళ్ళు. ఆ టైముకి పేషెంట్లు మంచాల మీద ఉన్నారా, హాల్లో పని చేస్తున్నారా అన్నది చూస్తే సగం తెలిసిపోతుంది. లాబీలో టైల్స్, రోబో మెషీన్లు చూసి మురిసిపోకు, మనిషి పక్కన మనిషి ఎన్ని గంటలు నిలబడుతున్నాడో అడుగు. ఫిజికల్ మెడిసిన్, అంటే ఈ పునరావాస వైద్యం, చదివిన డాక్టర్ ఉన్నారా, ఫిజియోతో పాటు రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్, స్పీచ్ థెరపిస్ట్ ఉన్నారా, రాత్రి పూట డాక్టర్ ఉంటారా, వారానికోసారి అందరూ కూర్చుని మీతో మాట్లాడతారా అని అడుగు. 'వచ్చే రెండు వారాల్లో ఆయన ఏం చేయగలగాలి' అన్నదానికి కాగితం మీద రాసివ్వాలి. 'గ్యారంటీగా నడిపిస్తాం' అన్నవాళ్ళ దగ్గర ఆగకు, వచ్చేయి. వృద్ధుల్ని చూసుకునే హోమ్‌లూ, మందు మాన్పించే కేంద్రాలూ కూడా రిహాబ్ అనే బోర్డు పెడతాయి, చూసుకో.

ఆక్యుపేషనల్ థెరపిస్ట్ గురించి ఎందుకు పట్టుబడుతున్నానంటే, పెదజాలరిపేట నుంచి ఒకాయన మా దగ్గర చేరాడు, కుడిచేయి పడిపోయింది. బంతి పిసకమంటే నాలుగుసార్లు పిసికి విసిరేసేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ థెరపిస్ట్ అమ్మాయి వాళ్ళ ఇంటి నుంచి చిరిగిన వల ముక్క తెప్పించి ఒళ్ళో పెట్టింది. ఎడమచేత్తో దారం లాగుతూ, కుడిచేత్తో ముడిని నొక్కిపట్టాలి. మొదట వేళ్ళ మధ్య నుంచి జారిపోయేది, బూతులు తిట్టుకునేవాడు, అయినా వదిలేవాడు కాదు. కొన్నాళ్ళకి కుడి బొటనవేలూ చూపుడువేలూ కలిసి ముడిని పట్టాయి, అన్నం ముద్ద ఎత్తడానికి కావలసిన పట్టు కూడా అదే. బావగారికి ముప్పై ఏళ్ళ కిరాణా కొట్టు కదా, పొట్లం కట్టి పురికొస చుట్టడం, చిల్లర లెక్కపెట్టడం ఆయన చేతికి తెలిసిన పనులు. అక్కడివాళ్ళకి ఈ సంగతి చెప్పు.

డబ్బు మాట. ఇన్సూరెన్స్‌వాళ్ళని ఫోన్‌లో అడగకు, మెయిల్ పెట్టు, రిహాబ్‌లో ఇన్‌పేషెంట్‌గా చేరితే ఇస్తారా, లేకపోతే డిశ్చార్జ్ తర్వాతి ఖర్చుల కింద ఎన్ని రోజులకి ఇస్తారు అని, జవాబు రాతపూర్వకంగా తీసుకో. చేర్చే స్తోమత లేకపోతే సిగ్గుపడాల్సిన పనేం లేదు, మన విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఫిజియోథెరపీ విభాగం ఉంది, రోజూ ఆటోలో తీసుకెళ్ళి తీసుకురావడం కష్టమే గానీ చేయొచ్చు, మిగతా గంటలు మీరు ఇంట్లో చేయించాలి. కొట్టు అమ్మేద్దామా అన్నావు, వద్దు, ఆయన తిరిగి కూర్చోవాల్సిన చోటు అది.

సోమవారం లోపల కొన్ని. మింగడం పరీక్ష చేశారా అని ఇవాళే అడుగు, చేసేదాకా నీళ్ళు కూడా నోట్లో పోయొద్దు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకరు పావురం రక్తం రాయమంటారు, ఇంకొకరు పసరు తాగించమంటారు, దణ్ణం పెట్టి పంపించు. మింగడం సరిగా లేని మనిషికి పసరు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పట్టు లేని చేతిని పట్టుకుని లాగి లేపకండి, భుజం కీలు జారితే ఆ నొప్పికి థెరపీ మొత్తం ఆగిపోతుంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించండి, రాత్రి కూడా, వంతులు వేసుకోండి. ఇంకోటి, ఆయన ఊరికే ఏడుస్తున్నారని, మాట్లాడ్డం లేదని అక్క బాధపడుతోంది. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందుంది, డాక్టర్‌కి చెప్పండి, 'ధైర్యంగా ఉండాలి నాన్నా' అని వదిలేయకండి.

డిశ్చార్జ్ సమ్మరీ ముందే తయారు చేయమని అడిగి, అన్ని పేజీలూ ఫొటో తీసి నాకు పంపు. శనివారం ఉదయం చోట్లు చూడ్డానికి వెళ్దాం, నేనూ వస్తాను, మద్దిలపాలెం జంక్షన్‌లో తొమ్మిదింటికి ఎక్కించుకో. అక్కని ఇవాళ రాత్రికి ఇంటికి పంపి పడుకోనివ్వు, వార్డులో నువ్వుండు.

పిన్ని