ఏకైక ప్రమాణం ఉండగా మళ్లీ విశ్వాస ప్రమాణమా?

సందేహం: లూథరన్లు (జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టంట్ క్రైస్తవులు) బైబిలే ఏకైక ప్రమాణమంటారు. ఆరాధనలో మాత్రం తమ నమ్మకాల సారాంశమైన 'అపొస్తలుల విశ్వాస ప్రమాణం' చదువుతారు. ప్రమాణం ఒక్కటే అయితే ఈ రెండోది ఎలా వచ్చింది? కొన్ని బైబిళ్లలో కనిపించినా ప్రొటెస్టంట్లు పవిత్ర లేఖనాలుగా లెక్కించని పుస్తకాలైన అపోక్రిఫాను 'అప్రామాణిక గ్రంథాలు' అనవచ్చా?

సమాధానం: ప్రమాణానికి ఒట్టు అనే అర్థం ఉంది, దానితో ఇక్కడ పనిలేదు. సంస్కృతంలో 'మా' ధాతువుకు కొలవడమని అర్థం. మానం, మాత్ర, పరిమాణం దాని సంతానమే. దేనితో కొలుస్తామో అది ప్రమాణం. గ్రీకులో 'కానోన్' అంటే తిన్నని కొలకర్ర. బైబిలు గ్రంథాల సముదాయానికి 'కానన్' అనే పేరు దాని నుంచే వచ్చింది. లాటిన్ 'నోర్మా' వడ్రంగి చేతిలోని మూలమట్టం. మూడు భాషలూ కొలత మాటనే ఎంచుకున్నాక మనవాళ్లు కానన్‌ను 'అధికారిక జాబితా' అని ఎందుకు రాస్తారో నాకు అంతుపట్టదు. జాబితా ఎన్ని ఉన్నాయో చెబుతుంది, కొలవదు.

ఈ తేడా లూథరన్ల విషయంలో మరీ ముఖ్యం. 1546లో రోమన్ కాథలిక్కుల ట్రెంట్ సభ పవిత్ర గ్రంథాల పేర్లు వరసగా చెప్పి శాసనం చేసింది. 1577 నాటి లూథరన్ల సిద్ధాంత పత్రం 'ఫార్ములా ఆఫ్ కాంకర్డ్' ఆ పని చేయలేదు. పాత, కొత్త నిబంధనల్లోని ప్రవక్తల, అపొస్తలుల రచనలే బోధలన్నిటికీ ఏకైక కొలత అని చెప్పి ఊరుకుంది. పట్టిక ఇవ్వలేదు.

శాకుంతలంలో దుష్యంతుడి మాట ఇక్కడ తలచుకోకుండా ఉండలేను: "సతాం హి సందేహపదేషు వస్తుషు ప్రమాణమంతఃకరణప్రవృత్తయః". 'ప్రవృత్తయః' స్త్రీలింగ బహువచనం. 'ప్రమాణం' మాత్రం నపుంసకం, ఏకవచనం. ఎన్నిటికి విశేషణమైనా అది తన లింగవచనాలను వదులుకోదు. అందుకే 'బైబిలు గ్రంథాలు ప్రమాణం' అనండి, 'ప్రమాణాలు' అనకండి. పుస్తకాలు అనేకం, కొలత ఒక్కటి. వ్యాకరణం ఇలా లూథరన్లకు తోడు వచ్చినా, భావంలో వాళ్లది ఎదురు దారి. సందేహం వచ్చినప్పుడు సజ్జనుల అంతఃకరణమే కొలత అని దుష్యంతుడి నమ్మకం. 1521లో తన బోధలకు జవాబు చెప్పుకోవడానికి జర్మనీలోని వోర్మ్స్‌లో చక్రవర్తి సభ ముందు నిలబడిన లూథర్ తన మనస్సాక్షి దేవుని వాక్యానికి బందీ అన్నాడు. పోపులూ సభలూ తరచు పొరబడ్డారనీ అన్నాడు. అంటే అంతఃకరణం కూడా కొలతకు నిలబడవలసిందే.

ఇక మీ చిక్కు. లూథరన్ పండితులు లేఖనాన్ని 'నోర్మా నోర్మాన్స్' అంటారు, కొలిచే కొలత. విశ్వాస ప్రమాణాలు, ఒప్పుకోలు పత్రాలు 'నోర్మా నోర్మాటా', ఆ కొలతకు సరిపడి నిలిచిన కొలత. వేదార్థాన్ని విచారించే మన మీమాంసకులు శ్రుతిని, అంటే వేదాన్ని, స్వతఃప్రమాణంగా (తనంత తానే ప్రమాణం), శ్రుతి మీద ఆధారపడిన స్మృతిని పరతఃప్రమాణంగా (మరొకదాని బలంతో ప్రమాణం) చూశారు. ఈ జంట మాటలు చేతిలో ఉండగా కొత్తవి వెతకడమెందుకు? పోలిక చివరిదాకా సాగదు, నిజమే. మీమాంసకుడికి వేదం అపౌరుషేయం, ఎవరూ రచించనిది. లూథర్ ప్రతి పుస్తకాన్నీ 'ఇది క్రీస్తును ముందుకు తెస్తున్నదా' అని అడిగాడు. అయినా రెండు మెట్లు చూపడానికి ఆ మాటలు చాలు. 'విశ్వాస ప్రమాణం' వాడుకలో పాతుకుపోయింది. దాన్ని మార్చమనను. చర్చలో మాత్రం పరతఃప్రమాణమని ఒకసారి చెప్పండి.

అపోక్రిఫా సంగతి. 1534 నాటి జర్మన్ బైబిలులో లూథర్ వాటిని రెండు నిబంధనల మధ్య ఉంచి, పవిత్ర లేఖనాలతో సమానం కాకున్నా చదవడానికి మంచివి, ఉపయోగకరమైనవి అని శీర్షికలోనే చెప్పాడు. మన వార్తాపత్రికల్లో 'అప్రామాణికం' అంటే నకిలీ, నమ్మరానిది అనే అర్థం స్థిరపడింది. చదవదగినదన్న పుస్తకానికి ఆ ముద్ర వేయడం అన్యాయం. అర్థం విడమరచి వాడితే తప్పనను. నాకైతే 'అపోక్రిఫా' అనడమే మేలనిపిస్తుంది.

పనిలో పనిగా మరొకటి. యాకోబు పత్రికను లూథర్ బైబిలు నుంచి తీసేశాడని రాస్తుంటారు. 1522 కొత్త నిబంధనలో హెబ్రీ, యాకోబు, యూదా పత్రికలనూ ప్రకటన గ్రంథాన్నీ విషయసూచికలో సంఖ్య వేయకుండా చివర ఉంచాడు. రోమా, గలతీ వంటి పత్రికల పక్కన పెడితే యాకోబుది గడ్డి పత్రిక అని కటువుగా అన్నాడు. ఆ మాటను తరువాతి ముద్రణల్లో వదిలేశాడు. పత్రికను మాత్రం వదల్లేదు. ఆ నాలుగింటినీ 'శంకితాలు' అనవచ్చునేమో గానీ, 'తిరస్కృతాలు' అనడం తప్పు.