తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మాస్టారూ, నమస్కారం. మాది నరసరావుపేట వైపు. పదకొండేళ్లుగా అమెరికాలో, ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో ఉంటున్నాం. మా వాడు ఈ 2026లో హైస్కూలు పూర్తిచేయాలి. కంప్యూటర్ సైన్స్‌లో ఒక క్రెడిట్, అంటే ఒక కోర్సు పాసైన లెక్క, లేకపోతే పట్టా ఇవ్వరట, చట్టమే ఉందట. ప్రపంచానికంతా ఇంజనీర్లను పంపే మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటిది ఎందుకు లేదు? ఒక్క జీవోతో అయ్యే పని కాదా?
– ఒక తండ్రి, బెంటన్‌విల్

జీవో దాకా అయితే అవుతుంది నాయనా. ఆ తర్వాత సంగతే చెప్పాలి.

ముందు మీ ఊరి చట్టం చూద్దాం. 2015లో గవర్నర్ ఏసా హచిన్సన్ సంతకం పెట్టిన 187వ చట్టం పిల్లల జోలికి పోలేదు, బళ్ల మెడలు వంచింది. ప్రతి ప్రభుత్వ హైస్కూలూ కంప్యూటర్ సైన్స్ కోర్సు ఒకటి పెట్టి తీరాలి, చేరేవాళ్లు చేరతారు, అంతే. ఆ పెద్దమనిషి ఎన్నికల ప్రచారంలో తన మనవరాలిని కూడా చూపించాడు. ఇలాంటి విషయాల్లో మనవరాలు చెప్తే వినే తాత, సెక్రటరీ చెప్తే వినడు! సరే, 50 లక్షల డాలర్లు కేటాయించారు. టీచరు దొరకని పల్లెటూరి బళ్లకు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పించారు. చేరేవాళ్లు ఒక్క ఏడాదిలో సుమారు 1,100 నుంచి 4,000 దగ్గరికి వచ్చారు. మీ వాడికి చుట్టుకున్న నిబంధన 2021 నాటి చట్టంలోది. 2022లో తొమ్మిదిలో చేరిన పిల్లల నుంచి మొదలు. అందులోనే ఇంకో ముక్క ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు: 2023-24 నుంచి ప్రతి హైస్కూల్లో కనీసం ఒక కంప్యూటర్ సైన్స్ టీచరు ఉండాలి. ముందు గది తలుపు తీశారు. తర్వాత మనిషిని పెట్టారు. పిల్లవాడి పట్టా మీద చెయ్యి వేసింది ఆఖర్న.

మనం ఎలా చేశామో నా కళ్లతో చూసిందే చెప్తాను. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 హైస్కూళ్లకు కంప్యూటర్లు ఇచ్చారు. నేను లెక్కలు చెప్పే బడి అందులో ఒకటి. ఆటో ట్రాలీలో పదకొండు మానిటర్లు దిగాయి. సీపీయూలు రెండే ఉండటం చూసి మా హెచ్చెమ్ గారు "మిగతావి రేపొస్తాయా బాబూ?" అని డ్రైవర్ని అడిగారు. అవి అంతేనట. ఒక సీపీయూకు అయిదారు మానిటర్లు తగిలిస్తారు, అది మొరాయించిందంటే వరసంతా చీకటే. కొబ్బరికాయ కొట్టాం. కీబోర్డులన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాం. మూడో కీబోర్డులో ఎఫ్ అక్షరం మీద కుంకుమ ఏడాదిదాకా వదల్లేదు. చెప్పులు గుమ్మం బయట. పిల్లలు గుళ్లోకి వెళ్లినట్టు చేతులు కట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లు, దేన్నీ ముట్టుకోకుండా బయటికొచ్చేవాళ్లు.

కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. బీకాం కంప్యూటర్స్. చేతికి మూడు వేలు కూడా అందేవి కావు, అదీ మూడు నెలలకోసారి. మధ్యాహ్నం మాతో పాటే బడిలో భోజనం చేసేవాడు. నాకు ఎక్సెల్ నేర్పింది అతనే. క్వార్టర్లీ మార్కులకు సగటు కట్టడానికి ఆదివారం పొద్దంతా పట్టేది నాకు, అతను అయిదు నిమిషాల్లో తేల్చేసరికి కాస్త అవమానంగానే అనిపించింది. అయిదేళ్ల గడువు అయిపోయింది. ఒప్పందం ప్రకారం యంత్రాలు బడికి మిగిలాయి. కుర్రాడు మోటారు సైకిల్ షోరూంలో చేరాడు.

ముందు యూపీఎస్ బ్యాటరీలు పోయాయి. కొత్తవి కొనడానికి ఏ పద్దులోనూ డబ్బు లేదు. తర్వాత ఎలకలు దిగాయి. 2015లో నేను బదిలీ మీద వెళ్లేనాటికి ఆ గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలున్నాయి, తాళంచెవి హెచ్చెమ్ బీరువాలో ఉంది. ఏటా పైనుంచి వచ్చే ఫారంలో "కంప్యూటర్లు ఎన్ని? పనిచేస్తున్నవి ఎన్ని?" అని రెండు గళ్లుండేవి. రెండింట్లోనూ 11 అని రాసింది నేనే. పనిచేయడం లేదని రాస్తే సంజాయిషీ అడుగుతారని భయం. దేశంలో 64.7 శాతం బళ్లలో కంప్యూటర్లున్నాయని 2024-25 యూడైస్ లెక్క, అంటే బళ్లు నింపి పంపే ఫారాలతో కేంద్రం ఏటా వేసే లెక్క, చూసినప్పుడు ముందు నా చేతిరాతే గుర్తొచ్చింది.

మీరు ఆర్కన్సా దాకా వెళ్లారుగానీ కేరళ మనకు ఒక రాత్రి రైలు దూరం. 2001లో ఐటీ అట్ స్కూల్ అని మొదలుపెట్టారు. విచిత్రం ఏమిటంటే, వాళ్లు బళ్లకు కొత్తగా కంప్యూటర్ పంతుళ్లను తేలేదు. ఉన్న లెక్కల టీచరుకూ సైన్సు టీచరుకూ నేర్పి, ప్రతి హైస్కూల్లో ఒకరికి ఐటీ బాధ్యత అప్పగించారు. గడువు తీరి ఇంటికి పోయే మనిషి కాదు కాబట్టి పని నిలబడింది. లైసెన్సులకు డబ్బు కట్టక్కర్లేని లినక్సు అనే సాఫ్ట్‌వేర్‌కు మారారు, పుస్తకాలు మలయాళంలో వేశారు. 2005 నాటికి పదో తరగతి పరీక్షలో ఐటీ తప్పనిసరి అయింది. ఆ పరీక్ష పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చునే రాస్తారు. అంటే ఏడాదికి ఒక్కసారైనా ఆ గది తాళం తీయక తప్పదు, తీసినప్పుడు యంత్రాలు పనిచేయకా తప్పదు. మా బియ్యం బస్తాలు అక్కడైతే ఎన్నాళ్లుండేవి?

కనుక చట్టం వద్దని నేననను. రేపే మన టెన్త్‌లో ఆరు సబ్జెక్టుల పక్కన ఏడోది కలిపితే మాత్రం ఏమవుతుందో నాకు తెలుసు. ఎల్లుండికి గైడు వస్తుంది. "కంప్యూటర్ భాగములను పేర్కొనుము", రెండు మార్కులు. మౌస్ పట్టని పిల్ల మౌస్ బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తుంది, ఫుల్ మార్కులు కూడా తెచ్చుకుంటుంది.

మీ వాడిని క్రెడిట్ సంగతి ఏప్రిల్ దాకా నాన్చొద్దనండి.

---

సార్, నేను బీటెక్ సీఎస్‌ఈ, బీఎడ్ చేశాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఆసక్తి లేదు. మా ఊరి హైస్కూల్లోనే కంప్యూటర్ టీచరుగా చేరాలని ఉంది. డీఎస్సీకి ఎలా సిద్ధం కావాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇలాంటి పిల్ల మా బడికి వచ్చుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. కానీ జిల్లా పరిషత్ హైస్కూళ్ల స్కూల్ అసిస్టెంట్ పోస్టుల్లో భాషలున్నాయి, లెక్కలున్నాయి, ఫిజికల్ సైన్స్, బయాలజీ, సోషల్, వ్యాయామం ఉన్నాయి. కంప్యూటర్ లేదు. కాబట్టి ఆ సబ్జెక్టు పేరుతో డీఎస్సీకి సిద్ధం కావడమన్న మాటే లేదు.

రెగ్యులర్ పోస్టు కావాలంటే కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు చూడు. అక్కడ పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) కంప్యూటర్ సైన్స్ అని ఉంది. ఎందుకుందంటే, సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతులకు అది మార్కులున్న సబ్జెక్టు. మన ఇంటర్ ఎంపీసీలో ఆ పేపరే లేదు. పేపరుంటేనే పోస్టు, మన దగ్గర ఎప్పుడూ అంతే. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకో, ఎవరో చెప్పారని నమ్మి కోచింగ్‌కు డబ్బు కట్టకు.

మా కుర్రాడి కథ పైన రాశాను, చదువు. నెలకు ఇంతని మాట్లాడుకుని ఔట్‌సోర్సింగ్‌లో ఎవరైనా పిలిస్తే, జీతం ఏ తారీఖున పడుతుందని మొదటి రోజే అడుగు. అడగడానికి అతను మొహమాటపడ్డాడు.

---

మాస్టారు గారికి. మా పాప జిల్లా పరిషత్ బడిలో ఎనిమిది చదువుతోంది. బడిలో కంప్యూటర్లు ఉన్నాయంటున్నారు గానీ పిల్లలకు చూపించరు. అద్దంకిలో కోడింగ్ నేర్పుతామని ఒక సెంటర్ వాళ్లు 12,000 అడుగుతున్నారు. ఆరో తరగతి నుంచే కోడింగ్ అని కొత్త విద్యా విధానంలో ఉందట. మా పాప వెనకబడిపోతుందా? కుట్టుమిషన్ మీద బతుకుతున్నాం.
– ఒక తల్లి, బాపట్ల జిల్లా

వెనకబడదమ్మా. 2020 జాతీయ విద్యా విధానంలో ఆ మాట ఉన్నది నిజమే, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో కోడింగ్ పరిచయం చేయాలని. చేయాల్సింది బడి. ఆ 12,000 కట్టకండి. మీ బడిలో తల్లిదండ్రుల కమిటీ ఉంటుంది. తర్వాతి మీటింగులో లేచి ఒక్క మాట అడగండి: "కంప్యూటర్ గది తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని. కంప్యూటర్లు ఎన్ని అని అడిగితే నాలాంటివాడు పదకొండు అని చెప్పి కూర్చోబెడతాడు. గది తెరిచి చూపించమనండి. నలుగురు తల్లులు కలిసి వెళితే ఇంకా మంచిది.

ఈలోగా పాపను ఊరికే ఉండనీయకండి. కరెంటు పోయినప్పుడల్లా మా ఎనిమిదో తరగతి వాళ్లతో ఆడించిన ఆట ఒకటి చెప్తాను. మీ కుట్టు కత్తిరింపుల్లో మిగిలిన కాగితం ముక్కలు పది తీసుకుని 1 నుంచి 10 దాకా అంకెలు వేయండి. 10 ఎడమ పక్క, 1 కుడి పక్క వచ్చేలా పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు వరసగా పేర్చండి. వాటిని 1, 2, 3 అని సరైన వరసలోకి తేవాలి. షరతు ఒకటే: పక్కపక్కన ఉన్న రెండింటినే చూసి, తారుమారుగా ఉంటే మార్చాలి. దూరంగా ఉన్నదాన్ని ఎత్తి పెట్టకూడదు. మార్చినప్పుడల్లా ఒక చింతగింజ పక్కన వేయమనండి.

అయ్యేసరికి 45 గింజలుండాలి. తక్కువున్నాయంటే ఎక్కడో తొండి చేసింది, లేదా గింజ వేయడం మరిచిపోయింది. కంప్యూటర్ సైన్స్ మొదటి ఏడాదిలో చెప్పే పాఠమే ఇది, 12,000 తీసుకున్నవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికే రావాలి.

తర్వాత షరతు తీసేయండి. ఏ రెండింటినైనా, ఎంత దూరంలో ఉన్నా, ఒకదాని చోట ఒకటి మార్చుకోవచ్చు. ఈసారి ఎన్ని గింజలు పడ్డాయో కార్డు మీద రాసి పంపమనండి. జవాబు నేను చెప్పను.