కోళ్ల షెడ్డు వెనక మట్టిలో మా అమ్మాయికి ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ మైక్రోబయాలజీ చివరి ఏడాది. మా కోళ్ల షెడ్డు వెనక మట్టి పట్టుకెళ్లి, ప్రొటీన్‌ను కరిగించే బ్యాక్టీరియా మీద ప్రాజెక్టు చేస్తోంది. దీంతో ఉద్యోగం వస్తుందా? బంధువులు బీఈడీ చేయించమంటున్నారు. - ఒక తండ్రి, సిద్దిపేట జిల్లా

జవాబు: బీఈడీ మాట కాసేపు పక్కన పెట్టండి. ముందు ఆ ప్లేటు చూపించమని అమ్మాయిని అడగండి. పాలపొడి కలిపిన అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) ప్లేటంతా తెల్లగా ఉంటుంది. బ్యాక్టీరియా పెరిగిన చుక్క చుట్టూ మాత్రం అద్దంలా తేటగా ఒక వలయం కనిపిస్తుంది. అది వదిలిన ప్రొటియేజ్ అనే ఎంజైమ్ అక్కడి పాల ప్రొటీన్‌ను ముక్కలు చేసేసిందన్నమాట.

మట్టి ఎక్కడ తీయాలో మీ అమ్మాయికి బాగా తెలిసింది. షెడ్డు దగ్గరి మట్టిలో ఈకలు కలుస్తుంటాయి కదా, ఆ ఈకలో దాదాపు 90 శాతం కెరటిన్ అనే మొండి ప్రొటీనే. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో జేసన్ షిహ్ బృందం కోళ్ల వ్యర్థాల్ని కుళ్లబెట్టే డైజెస్టర్ ట్యాంకు నుంచే ఈకల్ని కరిగించే బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బ్యాక్టీరియా రకాన్ని పట్టుకుంది. దాని ఎంజైమ్ తర్వాత కోళ్ల దాణాలోకీ వచ్చింది. బట్టల సబ్బుపొడిలో రక్తం, పాల మరకల్ని వదిలించేవీ బాసిల్లస్ ప్రొటియేజ్‌లే. తోళ్ల మీది వెంట్రుకలు ఊడదీయడానికి సల్ఫైడ్ రసాయనాల వాడకం తగ్గించేలా వీటి మీద చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ (సీఎల్‌ఆర్‌ఐ) పరిశోధనలు చేసింది.

ఇక ఉద్యోగం. బీఎస్సీతో ఫార్మా, వ్యాక్సిన్ కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో చేరొచ్చు. అయితే అక్కడ నీళ్లు, గాలి, మందుల్లో సూక్ష్మజీవులున్నాయేమో చూసే పనే ఎక్కువ. ఎంజైముల పనే కావాలంటే ఎమ్మెస్సీ చేయించండి. దానికి ప్రవేశ పరీక్షలైన సీపీగెట్, సీయూఈటీ పీజీ, గాట్-బి రాయించండి. పరిశోధన వైపు వెళ్లాలంటే ఆ తర్వాత నెట్ అనే అర్హత పరీక్ష, పీహెచ్‌డీ ఉంటాయి.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. వలయం రావడం మొదటి మెట్టు మాత్రమే. ఇలాంటి ప్రాజెక్టు చాలా కాలేజీల్లో చేస్తారు. ఇంటర్వ్యూలో అడిగేది ఆ తర్వాతి సంగతే: ఎంజైమ్ ఏ పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) దగ్గర, ఎంత వేడిలో బాగా పనిచేసింది, మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లు (ఎంజైమ్ పనితనపు కొలత) వచ్చింది? నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంకో రెండు వారాలు కష్టపడితే చెప్పగలిగేవాళ్లే కదా అని మనసు చివుక్కుమంటుంది.

పాల ప్రొటీన్‌ను కరిగించిందల్లా ఈకను కరిగించదు. అందుకే గైడ్‌ను అడిగి, శుభ్రంగా కడిగి స్టెరిలైజ్ చేసిన ఈకను ఆ బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో వేసి చూడమనండి. పక్కనే బ్యాక్టీరియా లేని ఫ్లాస్కు ఒకటి పెట్టాలి. రోజూ రెండింటికీ ఫొటో తీసి, నోటుబుక్కులో తేదీ వేసుకోమనండి. ఈకలు మీ షెడ్డులోనే ఉన్నాయిగా, ఈ ఆదివారమే ఓ గుప్పెడు ఏరి పంపండి.