మూడేళ్ల ప్రొబేషన్ అంటే మూడేళ్లూ ఉండాల్సిందేనా? మా మేనల్లుడి విషయంలో చూసింది

మీ తమ్ముడి కొడుకు పదహారేళ్ల వాడని, జాతరలో కొట్లాట కేసులో జువెనైల్ బోర్డు (పిల్లల కేసులు విచారించేది) పోయిన నెలలో మూడేళ్ల ప్రొబేషన్ (మంచి నడవడికి బాండు రాయించుకుని, పర్యవేక్షణలో ఇంటి దగ్గరే ఉండనివ్వడం) మీద ఇంటికి పంపిందని రాశారు. అన్నాళ్లు అవసరమా, తగ్గించుకునే దారి ఉందా అన్నది మీ ప్రశ్న. నేను లాయర్ని కాను. మా చెల్లి కొడుక్కి పూచీ ఉన్న మేనమామగా నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా ఒక మాట. ప్రశ్నలో ఊరి పేరు, స్కూలు పేరు తీసేయండి. పిల్లవాడు ఎవరో తెలిసేలా బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 చెబుతోంది. అది మన సొంతవాళ్లకీ వర్తిస్తుంది.

2015 నాటి ఆ చట్టం సెక్షన్ 18లో ఉన్నది ‘మూడేళ్లకు మించకుండా’ అని. అంటే మూడేళ్లు పైహద్దు మాత్రమే. ఆరు నెలలు వేయొచ్చు, ఏడాది వేయొచ్చు. మందలించి, కౌన్సెలింగ్ ఇచ్చి ఇంటికి పంపేయడం కూడా అదే సెక్షన్లో మొదటి మెట్టుగా ఉంది. కానీ మనవాళ్లు ‘జైలు తప్పింది, అదే పదివేలు’ అనుకుని కాలం సంగతి అడగరు. ఆర్డరు చదివే రోజున మావాళ్లూ అలాగే చేతులు జోడించి నిలబడ్డారు.

మావాడిది మోటారు దొంగతనం. ముగ్గురు కుర్రాళ్లు కలిసి పొలంలో నీళ్ల మోటారు విప్పి, అందులో రాగి తీగ పాత ఇనుము కొట్టుకి అమ్మారు. విచారణ నాలుగు నెలల్లో పూర్తవ్వాలి, తప్పనిసరైతే ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు అని చట్టంలో ఉంది. మాకు వాయిదాల మీద వాయిదాలతో ఏడాది దాటింది. ఆ తర్వాత రెండేళ్ల ప్రొబేషన్. పిల్లవాడికి అవన్నీ కలిపి ఒకటే శిక్ష. వాయిదాలు వేరు, ప్రొబేషన్ వేరు అని వాడికేం తెలుస్తుంది?

నిజం చెప్పాలంటే మొదటి ఆరేడు నెలలు ప్రొబేషన్ బాగా పనిచేసింది. ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికి వచ్చి కూర్చుని మాట్లాడారు. ఆ స్నేహాలు మాన్పించారు. పదో తరగతి తప్పినవాడిని మళ్లీ పరీక్షకు కట్టించి, పాసయ్యాక ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడులో చేరమని ఆవిడే పట్టుబట్టారు. వాడు దారిలో పడ్డాడని అందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత మిగిలింది ప్రొబేషన్ ఆఫీసుకి వెళ్లి హాజరు సంతకం పెట్టడమే. కవిటి వైపు నుంచి శ్రీకాకుళం అంటే రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల పైమాట. తెల్లారకుండా బయలుదేరి, బస్టాండు కాంప్లెక్స్‌లో దిగి, ఆఫీసుకి వెళితే ఒక్కోసారి సంతకం తీసుకోవాల్సిన మనిషి వేరే డ్యూటీ మీద వెళ్లుండేవారు. ఆ రోజు క్లాసు పోయినట్టే. హాజరు తగ్గితే ఐటీఐలో పరీక్షకు కూర్చోనివ్వరు. బాగుపడటానికి చేర్పించిన చదువుకి బాగుపడ్డాడని చూపించే సంతకమే అడ్డం వచ్చింది.

ఇంకో చిక్కు. బాండు మా బావ పేరు మీద రాశారు. ఆయన ఆగస్టులో చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ వెళితే మళ్లీ వేసవికే ఇంటి ముఖం చూడటం. మన తీరంలో ఎన్ని ఇళ్లలో ఇదే పరిస్థితి! తండ్రి లేడని ఆఫీసులో అడిగినప్పుడల్లా మా చెల్లికి టెన్షన్. అప్పుడు ఉచిత న్యాయ సహాయం ద్వారా వచ్చిన లాయరు చెప్పారు, పిల్లవాడు ఎవరి సంరక్షణలో ఉండాలన్నది దరఖాస్తు పెడితే బోర్డు మార్చొచ్చని (సెక్షన్ 104). అలా నా పేరు మీదకి మారింది. అదే దరఖాస్తులో ఐటీఐ ప్రిన్సిపాల్ ఇచ్చిన హాజరు కాగితం జతచేసి, సంతకం సెలవు రోజులకి మార్చమని అడిగాం. ఒప్పుకున్నారు. బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. మా దరఖాస్తు మీద ఎక్కువ ప్రశ్నలు వేసింది ఆ ఇద్దరే. మీరు వెళ్లినా వాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి.

కాలం తగ్గించడం మాత్రం మావల్ల కాలేదు. నాకు మింగుడుపడనిది ఇదే. పెద్దవాళ్లకి వర్తించే 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో సెక్షన్ 8 ఉంది. నడవడి బాగుంది, ఇక పర్యవేక్షణ అక్కర్లేదని ప్రొబేషన్ ఆఫీసరు దరఖాస్తు పెడితే కోర్టు బాండు ముందే రద్దు చేయొచ్చు. పిల్లల చట్టం సెక్షన్ 18లో అంత సూటిగా ఆ మాట లేదు. పెద్దవాడికి ఉన్న వెసులుబాటు పిల్లవాడికి రాసిపెట్టకపోవడం ఏం న్యాయం? నన్నడిగితే ఆరు నెలలకోసారి బోర్డే కేసు తీసి చూడాలి. చదువు, పని, స్నేహాలు కుదుటపడితే అక్కడితో మూసేయాలి. ఇంకా ఉంచాలంటే ఎందుకో రాతపూర్వకంగా చెప్పాలి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం 2016లో చట్టం మార్చి, పిల్లవాడు మళ్లీ తప్పు చేసే ప్రమాదం ఎంతన్నదాన్ని బట్టి ప్రొబేషన్‌కి గడువులు పెట్టింది. ఘోరమైన నేరాల సంగతి వేరు, అక్కడ ఎక్కువ కాలం కావాలంటే నేను కాదనను. జాతర కొట్లాటకి మూడేళ్లు మాత్రం ఎక్కువే.

మీవాడికి ఆర్మీ ఆశ ఉందని కూడా రాశారు. మన జిల్లాల్లో ఏ వీధిలో చూసినా తెల్లవారుజామున పరుగు తీసే కుర్రాళ్లే కదా. ఈ కేసు వల్ల ఏ అనర్హతా అంటదని సెక్షన్ 24లో ఉంది, అప్పీలు గడువు తీరాక రికార్డు కూడా తీసేయాలి. కాబట్టి ‘వీడి బతుకు పోయింది’ అని ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. అసలు ఇబ్బంది వయసుతో. అగ్నివీర్‌కి పదిహేడున్నర నుంచి తీసుకుంటారు, వీడి ప్రొబేషన్ పందొమ్మిది దాకా నడుస్తుంది. ర్యాలీకి, ట్రైనింగుకి బయటికి వెళ్లాల్సి వస్తే ముందే బోర్డుకి చెప్పి అనుమతి కాగితం తీసుకోవాలి.

కాలం ఎక్కువైందనుకుంటే ఆర్డరు వచ్చిన తేదీ నుంచి ముప్పై రోజుల్లోపు చిల్డ్రన్స్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు. మాకది అప్పట్లో ఎవరూ చెప్పలేదు. పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరు దొరుకుతారు, జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. పోయిన నెల అన్నారు గానీ తేదీ రాయలేదు. ఈ రోజే ఆర్డరు కాపీ తీసి తేదీ చూడండి.