రాత్రిళ్లు ఆయన ఏమి వాయిస్తున్నారో వినండి

మీ అన్నయ్య వయొలిన్ విద్వాంసులని, కచేరీలు మానేసి ఫోను కూడా ఎత్తడం లేదని, ఎవరైనా ఇంటికి వస్తే గదిలోకి వెళ్లిపోతున్నారని, అర్ధరాత్రి మాత్రం ఒక్కరే వాయించుకుంటున్నారని రాశారు. మళ్లీ నలుగురిలోకి ఎలా తీసుకురావాలని అడిగారు. బుజ్జగింపులు కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఆ అర్ధరాత్రి సాధనను తలుపు ఇవతల కూర్చుని శ్రద్ధగా వినండి. ఆయన ఏమి వాయిస్తున్నారన్నది ఒక ఎత్తు, ఏమి వాయించడం లేదన్నది మరో ఎత్తు.

నేను మృదంగం వాయిస్తాను. మా బాబాయి విజయనగరంలో వయొలిన్ పక్కవాద్యానికి పేరున్న మనిషి. పిన్ని పోయాక ఇల్లు కదలడం మానేశారు. దిగులు కదా, కాలమే మాన్పుతుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఒక రాత్రి వాళ్లింట్లో పడుకుని ఆయన తోడి రాగం ఆలాపన విన్నాను. నిడుపాటి కమాను, నింపాదిగా ఊగే గమకాలు, వింటుంటే ఒళ్లు జలదరించింది. కాని లయ పట్టుకుని సాగే తానం లేదు, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన లేదు, రెట్టింపు వేగంతో నడిచే రెండో కాలం ఊసే లేదు. పక్కవాద్యానికి అసలు పరీక్ష స్వరకల్పన దగ్గరే. గాయకుడు ఒక ఆవర్తం స్వరాలు పాడి వదిలితే అదే వేగంలో, అదే లెక్కలో జవాబు చెప్పాలి. అలాంటిది జీవితమంతా చేసిన మనిషి దాని జోలికే పోవడం లేదంటే ఏదో ఉంది. తెల్లవారి కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు కనిపించింది: ఎడమ చేతి మిగతా వేళ్లన్నీ గ్లాసు చుట్టూ ముడుచుకుంటే ఉంగరపు వేలు ఒక్కటే బిర్రబిగుసుకుని నిలబడి ఉంది.

దిగులు అబద్ధం కాదు. కాని తలుపు గడియ వేయించింది సిగ్గు. వేలు పలకడం లేదని ఒక విద్వాంసుడు ఎవరితో చెప్పుకుంటాడు? బీతోవెన్ 1802లో, 31 ఏళ్ల వయసులో, వియన్నా దగ్గరి హైలిగెన్‌స్టాట్‌లో ఉన్నప్పుడు తన తమ్ముళ్లకు ఒక ఉత్తరం రాశాడు. అందరూ తనను మనుషులంటే గిట్టనివాడు అనుకుంటున్నారని, నిజానికి చెవి వినిపించడం లేదని చెప్పలేకే దూరంగా ఉంటున్నానని అందులో వాపోయాడు. ఆ ఉత్తరం పంపలేదు. 1827లో ఆయన పోయాక కాగితాల్లో దొరికింది. మీ అన్నయ్య దగ్గర కూడా అలాంటి చెప్పని మాట ఏదైనా ఉందేమో చూడండి. వేలు కావచ్చు, భుజం కావచ్చు, చెవి కావచ్చు, ఏదో సభలో జరిగిన అవమానం కావచ్చు. అందరి ముందూ నిలదీయకండి, ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. మా బాబాయికి కీళ్ల డాక్టరు మందులూ, వేలికి వ్యాయామాలూ ఇచ్చారు. నొప్పి తగ్గింది, వేగం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

ఆయనను గది బయటికి రప్పించింది మా అమ్మాయి, అదీ తెలియకుండానే. హాల్లో కూర్చుని మోహన రాగంలో వర్ణం, అంటే సాధనకు నేర్పే రచన, పాడుకుంటోంది. మోహనలో మధ్యమం అనే స్వరం ఉండదు, తనేమో గాంధారం నుంచి పంచమానికి వెళ్లేటప్పుడు ప్రతిసారీ మధ్యమాన్ని తాకి పోతోంది. మూసిన తలుపు వెనక నుంచి వయొలిన్ మీద అదే సంచారం వినిపించింది, శుభ్రంగా. పిల్ల ఉలిక్కిపడి మళ్లీ పాడింది, మళ్లీ మధ్యమం. ఈసారి వయొలిన్ ఇంకా నెమ్మదిగా పలికింది. తలుపు తీయబోతున్న మా ఆవిడను కళ్లతోనే ఆపాను. నా చేతుల్లో మృదంగం ఎడమ మూతకు పెట్టాల్సిన రవ్వ ముద్ద ఎండిపోతున్నా కదలలేదు. స్వరం కుదిరాక లోపలి నుంచి మాట వచ్చింది: "పల్లవి నుంచి అను." కొన్నాళ్లకు తలుపు ఓరగా ఉండేది, తర్వాత ఆయనే వచ్చి చాప మీద కూర్చునేవారు. పాఠం చెప్పడానికి రెండో కాలం పరుగులు పెట్టే వేలు అక్కర్లేదు, చెవి చాలు. ఆయన చెవికి ఏ లోటూ లేదు.

కాబట్టి మీ అన్నయ్యకు ఓదార్పు కాదు, పని వెతకండి. ఆయన కోసం పుట్టించిన పని అయితే ఇట్టే పసిగడతారు. నిజంగా గురువు అవసరమున్న పిల్లో పిల్లవాడో అయి ఉండాలి. వేదికే గీటురాయి అని కూడా అనుకోకండి. సుర్‌బహార్ (సితార్ జాతి పెద్ద వాద్యం) విదుషి అన్నపూర్ణాదేవి 1950ల్లోనే కచేరీలు మానేసి, 2018లో కన్నుమూసే దాకా ముంబైలో దాదాపు గడప దాటకుండా బతికారు. అయినా వేణువు విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా వంటివారు ఆమె దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. శ్రోతలకు మూసిన తలుపు శిష్యులకు తెరిచే ఉంది. ఆమెను ఒంటరి అనడానికి నాకు నోరు రాదు.

నలుగురిలోకి రావడానికి నేను చూసిన మంచి దారి త్యాగరాజ ఆరాధనలో అందరూ కలిసి పాడే, వాయించే గోష్ఠి. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులోనే కాదు, మన ఊళ్లలోనూ జరుగుతుంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని త్యాగరాజ పంచరత్న కీర్తనలు అయిదూ ఆదితాళమే, అందరికీ తెలిసిన సంగతులే. వెనక వరసలో కూర్చుని వాయిస్తే ఎవరూ ప్రత్యేకంగా వినరు, వేలు ఒకచోట తడబడినా ఆ హోరులో కలిసిపోతుంది. అన్నిటికంటే పెద్ద సుఖం, వాయిస్తున్నంత సేపూ ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు! బాబాయి వస్తానన్నది అందుకే. ప్రసాదం దగ్గర పాత మృదంగం మిత్రుడు ఎదురైతే తనంతట తానే వేలు చూపించారు. ఆయనేమో తన మోకాలు చూపించారు. ఇద్దరూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

సన్మానాలు మాత్రం తలపెట్టకండి. మా బాబాయి కోలుకుంటున్నారని తెలిసి ఒక పెద్దమనిషి శాలువా, జ్ఞాపికతో సభ చేస్తానని బయలుదేరారు. ఆ కబురు విని ఆయన మళ్లీ గదిలోకి పోయారు. మా పిల్ల వర్ణానికి ఇంకో పది రోజులు ఎగనామం.

ఇదంతా మీ అన్నయ్య ఇంకా వాయిస్తున్నారు కాబట్టి చెబుతున్నాను. వయొలిన్ పెట్టె తెరవడమే మానేసినా, తిండీ నిద్రా తప్పినా, బతికి ఏం లాభమన్న మాట నోట వచ్చినా దారి వేరు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక వైద్యుని దగ్గరికి వెళ్లడానికి మాత్రం ఏ పంచమి దాకా ఆగకండి.