ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని.. నీళ్లు తాగాలంటేనే భయం!

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. పొద్దున్నుంచి సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో ఒకరి తర్వాత ఒకరు స్టూడెంట్లు. అందులో బాత్రూమ్ ఉండదు కాబట్టి మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టను, టీలతో నెట్టుకొస్తాను. "రైట్ రడ్డర్, రైట్ రడ్డర్" (కుడి పెడల్ నొక్కు) అని అరిచి అరిచి గొంతు పోతోంది, నిద్రలోనూ అదే అంటున్నానని మా ఆవిడ ఒకటే నవ్వు. స్టూడెంట్లేమో ఒక్క ల్యాండింగ్‌లోనే విమానాన్ని రన్‌వే మీద మూడుసార్లు దించుతారు. మెడ ఎడమవైపు పట్టేస్తోంది. నెల రోజులుగా మూత్రం ముదురు పసుపు రంగులో, మంటగా వస్తోంది. ఏం చేయాలి?

డాక్టర్ సలహా: ముందు నీళ్ల సంగతి చూద్దాం, నాకు ఎక్కువ కంగారు పుట్టించింది అదే. మీ విమానంలో ఏసీ ఉండదు, చుట్టూ అద్దాలు, మే నెల ఎండలో టేకాఫ్ క్లియరెన్స్ కోసం ఆగితే లోపల కొలిమిలా ఉంటుంది. చెమటలో పోయిన నీరు మళ్లీ ఒంట్లోకి చేరకపోతే మూత్రం చిక్కబడి కాల్షియం, ఆక్సలేట్ లాంటివి రాళ్లుగా మారతాయి, పైగా గంటల తరబడి ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్ కూడా రావచ్చు. రాయి కదిలితే మనిషి మెలికలు తిరిగిపోయేంత నొప్పి. అది 3 వేల అడుగుల ఎత్తులో, పక్కన ఇంకా సోలో (ఒంటరిగా నడపడం) కూడా వెళ్లని కుర్రాడు ఉండగా వస్తే? పైలట్లకు చేసే క్లాస్ 1 మెడికల్ పరీక్షలో కిడ్నీ రాళ్ల విషయంలో అంత పట్టింపు అందుకే.

ఈ వారంలోనే యూరిన్ టెస్ట్, కల్చర్ (ఇన్‌ఫెక్షన్ క్రిముల పరీక్ష), అల్ట్రాసౌండ్, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించుకోండి. నిద్ర లేవగానే అర లీటరు నీళ్లు తాగండి, మొదటి సార్టీకి (విమానం ఎక్కి దిగే ఒక్కో విడతకి) ముందు బాత్రూమ్‌కి వెళ్లండి, ఆ తర్వాత సార్టీకీ సార్టీకీ మధ్య ఓ గ్లాసు. మూత్రం లేత పసుపులోకి వచ్చేదాకా తాగాల్సిందే. కిందికి దిగాక స్టూడెంటుకు తప్పొప్పులు చెప్పే డీబ్రీఫింగ్ ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఏమీ కాదు, ముందు బాత్రూమ్. టీలు రెండుకు తగ్గించండి.

మెడ సంగతికొస్తే, కుడి సీట్లో కూర్చుని రోజంతా ఎడమవైపున్న మీటర్లనే చూస్తున్నారు. దానికి తోడు ప్రతి ల్యాండింగ్‌కీ చేతులూ కాళ్లూ కంట్రోల్స్ మీద ఆన్చీ ఆన్చకుండా బిగబట్టుకుని ఉంటారు, కండరాలు పట్టేయక ఏం చేస్తాయి? దిగిన ప్రతిసారీ భుజాలు వదులు చేసి, మెడను నెమ్మదిగా కుడివైపు తిప్పుతుండండి. చెయ్యి తిమ్మిరెక్కితే మాత్రం ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాలి.

అరవకండి, మైక్ పెదవులకు దాదాపు ఆనేలా పెట్టుకుని ఇంటర్‌కమ్ వాల్యూమ్ సరిచేసుకుంటే మామూలు గొంతుతోనే స్టూడెంటుకు వినిపిస్తుంది. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి.

మెడికల్ షాపులో నొప్పికనీ జలుబుకనీ ఏదో ఒక మాత్ర కొని వేసుకుని విమానం ఎక్కొద్దు, కొన్నిటితో మత్తుగా ఉంటుంది. ఏ మందైనా మీ డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) మెడికల్ చూసే డాక్టర్‌కి చెప్పి వాడండి. చలిజ్వరం, నడుం పక్క నొప్పి, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజు సార్టీలన్నీ రద్దు చేసుకుని యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.